కోతపండుగ సొమ్ము, మిషన్ అనే మాట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మాది ప్రకాశం జిల్లాలో ఒక గ్రామ సంఘం. నేను సంఘపెద్దలలో ఒకడిని. ఈ ఏడు కోతపండుగలో, విశ్వాసులు తెచ్చిన కానుకల వేలంలో, దేవుని దయవల్ల ఎన్నడూ రానంత సొమ్ము వచ్చింది. దానిని మిషన్ పనికే వాడాలని అందరం ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాము. చిక్కు ఆ తరువాతనే మొదలైంది. సంఘం లేని రెండు పల్లెల్లో మూడేసి రాత్రులు సువార్త సభలు పెట్టాలని ఒక వర్గం, అవే పల్లెల్లో పిల్లలకు సాయంకాలం ట్యూషను, పెద్దలకు బీపీ, షుగరు చూసే మెడికల్ క్యాంపు పెట్టాలని ఇంకొక వర్గం పట్టుబట్టాయి. మేము మత్తయి 28వ అధ్యాయం చదివాము, వారు లూకా 4వ అధ్యాయం చదివారు. మాట మీద మాట పెరిగి వారు మమ్మల్ని "మైకు భక్తులు" అన్నారు, మేము వారిని "మందుబిళ్ళల క్రైస్తవులు" అన్నాము. రెండు నెలలుగా రెండు కుటుంబాలు ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) దగ్గరకు రావడం లేదు. నేను సభల పక్షం. నా భార్య నన్ను కాస్త తగ్గమంటున్నది. అసలు మిషన్ అంటే ఏది? సత్యమని నమ్మినదాని మీద నిలబడడం గర్వమవుతుందా?
— ఒక సంఘపెద్ద, ప్రకాశం జిల్లా

జవాబు: మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలో ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పను. అది మీ సంఘం తేల్చుకోవలసిన సంగతి. అయితే రెండు వర్గాలూ ఇంత దూరం వాదించుకున్న తరువాత కూడా మీ ఉత్తరంలో ఒక ముఖ్యమైన విషయం లేదు. దానిని కొంచెం ఆగి చెబుతాను. ముందు, మీరు పోట్లాడుకుంటున్న ఆ మాట సంగతి చూద్దాం.

మన ప్రాంతంలో మిషన్ అన్నది మొదట ఒక స్థలం పేరు. మిషన్ కాంపౌండు, మిషను బడి, మిషనాసుపత్రి. "వాడు మిషన్‌లో పుట్టి పెరిగాడు" అంటే ప్రహరీ గోడ, చింతచెట్లు, బడిగంట కళ్ళ ముందు నిలుస్తాయి. గుడి, బడి, ఆసుపత్రి మూడూ ఒకే గోడ లోపల ఉండేవి కనుక, ఏది మిషన్, ఏది కాదు అన్న ప్రశ్న మన తాతలకు పెద్దగా తట్టినట్టు లేదు. ఇక తెలుగు బైబిలులో ఆ మాటే లేదు. పంపడం అనే అర్థం గల లాటిను మాట నుంచి పుట్టిన ఈ పదాన్ని వేదాంత పండితులు శతాబ్దాల పాటు తండ్రి కుమారుని పంపడం గురించి, పరిశుద్ధాత్మను పంపడం గురించి చెప్పేటప్పుడే వాడారు. 16వ శతాబ్దంలో యేసుసభ గురువులు (జెస్యూట్లు) తమవారిని దూరదేశాలకు పంపే పనికి ఆ పేరు పెట్టిన తరువాతనే అది నేటి అర్థంలోకి వచ్చింది. మనుషులు చేసే పనికి పేరు కావడానికి ఎంతో ముందు అది దేవుడు చేసిన పనికి పేరు. ఆ వరుస మరిచిపోయినప్పుడే "మా మిషన్", "మీ మిషన్" అనే మాటలు నోట వస్తాయి.

మీరు చదివిన రెండు అధ్యాయాలనూ మరొకసారి నెమ్మదిగా చూడండి. మత్తయి 28లో ప్రభువు శిష్యులను చేయమని మాత్రమే చెప్పి ఆగలేదు. తాను ఆజ్ఞాపించిన సంగతులన్నిటినీ గైకొనవలెనని వారికి బోధించమన్నాడు. ఆ సంగతులలో ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, రోగిని చూడబోవడం ఉన్నాయని అదే సువార్త 25వ అధ్యాయం చెబుతుంది. అవతలి వర్గం చదివిన లూకా 4లో, గుడ్డివారికి చూపు, నలిగినవారికి విడుదల అనే మాటల కంటే ముందు "బీదలకు సువార్త ప్రకటించుటకై" అని ఉంది. మీ వచనంలో వారి పని ఉంది, వారి వచనంలో మీ పని ఉంది. ఎదుటివారిని ఓడించడానికి ఒక వచనం తీసినప్పుడు ఆ వచనంలో సగమే మనకు కనబడుతుందని నా అనుభవం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా ఇరుపక్షాలవారూ వాడుకునేదే. బల్లల దగ్గర ఉపచారం చేయడానికి ఏడుగురిని వేరుగా ఏర్పరచి, అపొస్తలులు వాక్యపరిచర్యకు పూనుకున్నారు కనుక వాక్యమే గొప్పదని ఒకరంటారు. కానీ ఆ గ్రంథం రాసిన లూకా అక్కడ ఆగలేదు. బల్లల కోసం ఏర్పడిన స్తెఫను 7వ అధ్యాయంలో ఆ గ్రంథంలోకెల్లా దీర్ఘమైన ప్రసంగం చేసి ప్రాణం విడిచాడు. బల్లల కోసమే ఏర్పడిన ఫిలిప్పు 8వ అధ్యాయంలో సమరయలోనూ, గాజా దారిలో ఐతియొపీయుని రథం మీదా సువార్త చెప్పాడు. పని విభజన చేసిన మనుషుల లెక్కను ఆత్మ ఎంత త్వరగా చెరిపేశాడో చూడండి.

మీరు ప్రకాశం జిల్లా నుంచి రాశారు కనుక ఒంగోలు సంగతి ఎత్తకుండా ఉండలేను. అక్కడి ప్రార్థన కొండ ఎక్కిన ప్రతివారికీ అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పేరు తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న లెక్క మన బాప్టిస్టు సంఘాలలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. సువార్త సభల పక్షంవారు ఈ లెక్కనే చెబుతారు. సేవ పక్షంవారు దానికి ముందు జరిగింది చెబుతారు: 1876 నుంచి 1878 వరకు సాగిన ధాత కరువులో క్లౌగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే గుత్తను ప్రభుత్వం నుంచి తీసుకొని, చస్తున్న జనానికి కూలి పని ఇచ్చారు. ఆయన యౌవనంలో అమెరికాలో భూమి సర్వే పనిలో ఉన్నవారు. ఆ పాత విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఈ రెండు సగాల మధ్య జరిగినదాన్ని మాత్రం మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. కాలువ పని జరుగుతున్నప్పుడు బోధకులే మేస్త్రీలు. తట్టలతో మట్టి మోసి అలసి కూర్చున్నవారికి "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న వచనాన్ని వారు మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. ఆ వచనాన్ని మనం చల్లని పంకాల కింద ఎన్నోసార్లు విన్నాం గాని, నెత్తి మీద మట్టితట్ట ఉన్నవాని చెవికి అది ఎలా తాకి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌగారు ఇవ్వలేదు. సుమారు 15 నెలల పాటు బాప్తిస్మాలు ఆపివేశారు. కూలి కోసం, బియ్యం కోసం వస్తున్నారేమో, తన చేతిలోని డబ్బే వారి నోట ఆ మాట పలికిస్తున్నదేమో అని ఆయన సంశయం. కరువు సాయం ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం కదలలేదు. మాకు సాయం వద్దు, మా చేతుల మీది బొబ్బలు చూడండి, మేము పని చేసి బతికేవాళ్ళమే, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్న అర్థం వచ్చేలా వారు చెప్పిన మాటను ఆయన తరువాత తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. అప్పుడే బాప్తిస్మాలు మొదలయ్యాయి. 3 రోజుల్లో 3,536 మంది. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినది కూడా దొరగారు కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున, ఒకరు అలసిపోతే మరొకరు దిగి ఆ పని చేశారు.

నేను దీనిని వినయానికి ఉదాహరణగా చెబుతున్నది ఆయన మెత్తని మనిషి అని కాదు. ఆయన గట్టి మనిషి, మాట పట్టింపు గలవారు. తాను చేసిన మేలు ఎదుటి మనిషి మీద ఏ ఒత్తిడి పెడుతున్నదో అనుమానించుకోగలిగారు, ఆపైన ఆ మనుషులే తన అనుమానాన్ని కొట్టివేసినప్పుడు వారి మాట విన్నారు. వినయం అన్న మాటను నేను ఈ అర్థంలోనే వాడుతున్నాను.

అసలు ఒంగోలులో ఆ పని దొరగారితో మొదలైందని అనుకోవడమే సగం పొరపాటు. తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో, క్లౌగారు ఒంగోలులో కాపురం పెట్టకముందే, బాప్తిస్మం పొందారు. ఆ తరువాత మాదిగ పల్లెల్లో దారులు చూపించినవాడు పేరయ్యే. ఆ తొలినాళ్ళలో ఒంగోలులో పై కులాల వారు కొందరు క్రైస్తవ్యం వైపు మొగ్గు చూపి, మాదిగలను చేర్చుకోకపోతేనే వస్తామన్నారు. మిషన్ ఎవరి కోసం అన్న వాదం అంత పాతది. ఆ రాత్రి క్లౌగారు ఒక గదిలో, ఆయన భార్య హ్యారియెట్ మరొక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయంలోని ఒకే భాగం, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న మాట, తగిలిందని ఆయన చెప్పుకున్నారు. ఆయన 1910లో చనిపోయిన తరువాత ఆ జ్ఞాపకాలను గ్రంథంగా తెచ్చినది రెండవ భార్య ఎమ్మా. ఆమె, సమాజంలోని అన్యాయాన్ని సరిదిద్దడం కూడా సువార్త పనే అన్న అమెరికా సామాజిక సువార్త ఉద్యమానికి పెద్దదిక్కయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్కచెల్లెళ్ళలో ఒకరు. సభల పక్షం వారు తమవాడనుకునే మనిషి కథను సేవ పక్షానికి చెందిన ఇంటి ఆడపడుచు రాసిందన్నమాట. ఈ సంగతి మీ అవతలి వర్గానికి చెప్పకండి, మళ్ళీ వాదానికి దిగుతారు.

అభిప్రాయం మార్చుకోవడం పెద్దలకు తగదని మనలో ఒక భావన ఉంది. ఇంగ్లాండులో జాన్ స్టాట్ అనే బోధకుడు ఉండేవారు. మన దేశంలో ఎందరో పాస్టర్లు ఆయన వ్యాఖ్యానాలు చదువుకొని ప్రసంగాలు సిద్ధం చేసుకున్నారు. 1966లో బెర్లినులో సువార్త ప్రకటన గురించి జరిగిన మహాసభలో, ప్రభువు సంఘానికి ఇచ్చిన ఆజ్ఞ పూర్తిగా ప్రకటన, బోధలకు సంబంధించినదే అని ఆయన వాదించారు. అంటే నేడు మీ వర్గం చెబుతున్నదే. 1975 నాటికి, "తండ్రి నన్ను పంపిన ప్రకారము నేనును మిమ్మును పంపుచున్నాను" అన్న యోహాను 20వ అధ్యాయపు మాటను ఆధారం చేసుకొని, ఆ ఆజ్ఞలో సేవా బాధ్యత కూడా ఇమిడి ఉందని, తాను మునుపు చెప్పినదానికి భిన్నంగా ఇప్పుడు చూస్తున్నానని అచ్చులోనే ఒప్పుకున్నారు. ఆ రెంటి మధ్య 1974 జూలైలో స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో సుమారు 150 దేశాలవారు కూడిన సభ జరిగింది. స్టాట్ గారు ముఖ్యుడుగా కూర్చిన అక్కడి ఒడంబడికలో, సువార్త ప్రకటననూ సామాజిక బాధ్యతనూ ఒకదానికొకటి విరుద్ధమైనవిగా కొన్నిసార్లు చూసినందుకు పశ్చాత్తాపపడుతున్నామన్న వాక్యం చేరింది. ఆ వాక్యం ఊరికే రాలేదు. పెరూ దేశస్థుడు శామ్యూల్ ఎస్కోబార్, ఈక్వడార్‌లో పుట్టిన రెనె పడియా వంటివారు బీదరికం మధ్య పరిచర్య చేసి వచ్చి, ఆ వేదిక మీద నిలబడి అడిగినందువల్ల వచ్చింది. అదే ఒడంబడికలో మరుసటి పేరాలో సంఘం చేసే సేవలో సువార్త ప్రకటనదే మొదటి స్థానమని కూడా ఉంది. దాని మీద వాదం ఈనాటికీ తెగలేదు. తెగకపోయినా కలిసి పని చేస్తున్నారు.

ఇక మీ ఉత్తరంలో లేదన్న విషయానికి వస్తాను. ఆ రెండు పల్లెల పేర్లు మీరు రాయలేదు. పేర్లు పోనీయండి, ఆ పల్లెవాళ్ళు ఏమంటున్నారో ఒక్క మాట లేదు.

దీనిని నేను నేర్చుకున్నది నాకు జరిగిన అవమానం వల్ల. ముప్పై అయిదేళ్ళ క్రితం, నేను కొత్తగా పాస్టరుగా వెళ్ళిన చోట, ఒక చిన్న పల్లెలో ప్రార్థన షెడ్డు వేయాలా, బోరు వేయించాలా అని కమిటీలో రెండు గంటలు వాదించుకున్నాం. నేను షెడ్డు పక్షాన నిలబడి, గ్రీకు మాటలు రెండు చెప్పి, బోరు అడిగిన ఉపాధ్యాయుణ్ణి అందరి ముందూ నోరు మూయించాను. వారం వారం గుడ్డసంచి భుజాన వేసుకొని, ఇంటింటా బైబిలు చెప్పడానికి ఆ పల్లెకు నడిచిపోయే ముసలి బైబిలు స్త్రీ ఒకామె టీ గ్లాసులు తీస్తూ, తలెత్తకుండానే, "అయ్యగారూ, ఆ ఊళ్ళో ఎవరినైనా అడిగారా?" అన్నది. గది చప్పబడిపోయింది. మరునాడు ఆమె వెంట వెళ్ళాం. వేపచెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. వారు షెడ్డు అడగలేదు, బోరూ అడగలేదు. చనిపోయినవారిని మోసుకుపోయే దారికి అడ్డంగా ఎవరో కంచె వేశారని, పీనుగుతో పొలం గట్ల మీద జారిపోతూ నడవవలసి వస్తున్నదని, మాతో మండల ఆఫీసుకు ఒక్కసారి రాగలరా అని అడిగారు. నా దగ్గర ఉన్న మిషన్ నిర్వచనంలో ఆ పనికి చోటు లేదు. ఉపాధ్యాయుడి నిర్వచనంలోనూ లేదు. దారి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. షెడ్డు ఈనాటికీ లేదు. వారు ఆ వేపచెట్టు కిందే ఆరాధనకు కూడుకుంటున్నారు.

ఇదే మాటను ఇంతకంటే పెద్ద వేదిక మీద, మనకు బాగా దగ్గరివాడైన మనిషి చెప్పారు. తమిళదేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1909లో దోర్నకల్లులో పని మొదలుపెట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా వారు ఇరవై మంది కూడా లేరు. మీరు బీదలను పోషించడానికి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన మాటల సారం. ఆ సభలో చాలామందికి అది రుచించలేదు. ఆస్తి ఇచ్చినవారూ ప్రాణం ఇచ్చినవారూ ఆ గదిలో నిజంగానే ఉన్నారు, వారి త్యాగం అబద్ధం కాదు. అయినా పుచ్చుకున్నవారిని అడిగితే కొరత మరొకచోట ఉన్నదని తేలింది. రెండేళ్ళ తరువాత 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన ఏలుబడిలోని దోర్నకల్లు బిషప్పు మండలంలో (డయోసిస్‌లో) బాప్తిస్మం పొందిన ప్రతివారి చేత, సువార్త ప్రకటించకపోయిన యెడల నాకు శ్రమ అన్న పౌలు మాటను తల మీద చెయ్యి వేసి పలికించేవారు. అదే మండలంలో బడులకూ ఆసుపత్రులకూ లోటు చేయలేదు.

కనుక మీ తదుపరి కమిటీ లోపల రెండు వర్గాల నుంచి ఇద్దరేసి కలిసి, మైకు లేకుండా, బీపీ మిషను లేకుండా, ఆ పల్లెలకు వెళ్ళి కూర్చొని రండి. వెళ్ళే ముందు మీరు ఒక పని చేయండి: అవతలి వర్గం వాదాన్ని మీ నోటితో వారికి చెప్పండి, "అవును, మేము చెప్పేది సరిగ్గా ఇదే" అని వారు అనేదాకా చెప్పండి. "మందుబిళ్ళలు" అన్న మాట వాడకుండా చెప్పడం మీకు మొదట కష్టంగానే ఉంటుంది. యెరూషలేము సభలో జరిగింది చూడండి. అపొస్తలుల కార్యములు 15లో బహు తర్కం జరిగిందని లూకా దాచలేదు. పేతురు తాను చూసినది చెప్పిన తరువాత సమూహమంతా ఊరకుండి, బర్నబా, పౌలు చెప్పే మాటలు ఆలకించింది. ఆ ఊరకుండడం తరువాతనే యాకోబు లేఖనం చదివాడు. మనం ముందే లేఖనం చదివేస్తాం, వినడం తరువాతి మాట. అంత చక్కగా ముగిసిన అదే అధ్యాయం చివర పౌలు, బర్నబా తమ సహాయకుడైన మార్కు విషయంలో తగవుపడి విడిపోయారని కూడా ఉంది కనుక, మీ సంఘంలో జరిగింది చూసి మరీ దిగులుపడకండి. అదే మార్కును వెంటబెట్టుకొని రమ్మని, పరిచర్యకు అతడు ప్రయోజనకరమైనవాడని పౌలు తన చివరి దినాలలో తిమోతికి రాశాడు.

మీ భార్యగారు చెప్పినదాని సంగతి. ఆమె తగ్గమన్నది గొంతును అని నేను అనుకుంటున్నాను, నమ్మకాన్ని కాదు. ముందుగా బల్ల దగ్గరకు రాని ఆ రెండు ఇళ్ళకు వెళ్ళిరండి, సొమ్ము సంగతి ఎత్తకుండా.

ప్రశ్న: మా విద్యార్థి సహవాసంలో కొందరు చెట్లు నాటడం, రక్తదానం, మతాల మధ్య సంభాషణ, అన్నీ మిషనే అంటున్నారు. కాదని చెబితే "వినయం లేదు" అంటున్నారు. పౌలు అంతియొకయలో పేతురును ముఖాముఖిగా ఎదిరించలేదా? తప్పును తప్పు అనడం ఎప్పుడు గర్వమవుతుంది?
— ఒక విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: వినయం పేరుతో ఎదుటివారి నోరు మూయించడం కూడా ఒక రకం గర్వమే, మీ స్నేహితులకు ఆ మాట చెప్పవచ్చు. మీ సందేహం కొత్తది కాదు. తిరునెల్వేలిలో బిషప్పుగా పని చేసిన స్టీఫెన్ నీల్ గారు, ప్రతిదీ మిషన్ అయితే ఏదీ మిషన్ కాకుండా పోతుందని 1959లోనే హెచ్చరించారు. ఆ మాటలో బరువు ఉంది. చెట్టు నాటడం మంచి పనే, క్రైస్తవుడు చేయదగిన పనే. అయినా క్రీస్తు పేరు వినని మనిషి ఒకడున్నాడన్న సంగతిని ఆ చెట్టు కప్పివేయకూడదు. నేను మీ పక్షానే ఉన్నానని దాచను.

గట్టిగా వాదించడం మన తెలుగువారికి తెలియని విద్యా కాదు. 1938లో తాంబరంలో జరగబోయే అంతర్జాతీయ మిషనరీ మహాసభ కోసం హెండ్రిక్ క్రేమర్ అనే డచ్చి పండితుడు క్రైస్తవేతర లోకంలో క్రైస్తవ సందేశం గురించి ఒక పెద్ద గ్రంథం రాస్తే, నెల్లూరు ప్రాంతంలో పుట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పని చేసిన పాండిపెద్ది చెంచయ్య గారు, ఆయన బావమరిది వరస అయిన చక్కరై గారు, ఇంకా కొందరు మిత్రులు అదే ఏడు తమ జవాబును గ్రంథంగా అచ్చువేశారు. చెంచయ్యగారి రాతలు మెత్తనివి కావు. సంఘాన్ని పెంచడమే మిషన్ అనుకునే పద్ధతిని ఆయన సూటిగా ఖండించారు. ఆయన చెప్పినవాటిలో సగంతో నేను ఏకీభవించను. అయినా న్యాయస్థానంలో పనిచేసినవాని అలవాటు అందులో కనబడుతుంది: ఎదుటి పక్షం వాదాన్ని ముందు పెట్టుకొని, పేరు పెట్టి, దానికి జవాబు చెప్పడం. నేడు మనం ఎదుటివాని వాదాన్ని పక్కన పెట్టి వాని భక్తిని కొలుస్తున్నాం.

గలతీయులకు 2వ అధ్యాయంలో పౌలు పేతురును అందరి ముందూ మందలించిన మాట నిజమే. కానీ దేని కోసం? అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉన్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే బల్ల దగ్గర నుంచి వెనక్కి తగ్గాడు. అక్కడ అవమానం పొందినవారు పౌలు కాదు, ఆ బల్ల దగ్గర మిగిలిపోయిన అన్యజనులు. వారి పక్షాన ఆయన గొంతు లేచింది. అదే సంఘకాలంలో అపొల్లో అనే బోధకుడు యోహాను ఇచ్చిన బాప్తిస్మం మాత్రమే తెలిసి బోధిస్తున్నప్పుడు, అకుల, ప్రిస్కిల్ల అతనిని సభలో నిలదీయలేదు. చేర్చుకొని, దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరచారు. ఒకచోట బహిరంగంగా, మరొకచోట ఇంటి లోపల. మీరు నోరు తెరిచే ముందు, ఈ గట్టిదనం ఎవరిని కాపాడడానికి, నన్నా, ఈ గదిలో లేనివారినా అని అడిగి చూసుకోండి. నా విషయంలో, నిజం చెప్పాలంటే, చాలాసార్లు మొదటిదే జవాబు.

ప్రశ్న: మా యువజన కూటమి వచ్చే నెల సభలకు గోడల మీద "సువార్త దండయాత్ర" అని రాయిస్తున్నది. మా తాతగారి కాలం నుంచీ అదే మాట అని పెద్దలు అంటున్నారు. మా పక్కింటివారు హిందువులు, మాకు ఆప్తులు. ఆ మాట చదివి "మా మీదేనా దండయాత్ర?" అని నవ్వుతూ అడిగారు. మార్చమనడం సరియేనా?
— ఒక యువకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: సరియే. తాతగారి ఉద్దేశం మంచిదే, వారిని తప్పుపట్టకండి. ఆనాడు ఆ మాటను వారు సైతాను మీద అనే అర్థంలో వాడుకున్నారు. కానీ గోడ మీద రాసింది చదివేవారు మనం కాదు, దారిన పోయేవారు. దండు కట్టి ఊరి మీద పడడం అన్నదే ఆ మాటకు వారికి తెలిసిన అర్థం. మీ పక్కింటివారు నవ్వుతూ అడిగారు కనుక సరిపోయింది. "సువార్త సభలు" అని రాస్తే అర్థం తగ్గదు, రంగు ఖర్చూ కొంత తగ్గుతుంది. పెద్దల దగ్గరకు ఒక్కరే వెళ్ళండి, కమిటీలో అందరి ముందు ఎత్తకండి. గోడలకు సున్నం కొట్టకముందే వెళ్ళండి.